చెరువు మన్ను ఎత్తే ముందు

ఎండలు ముదిరి చెరువులు అడుగంటితే చిక్కబళ్ళాపురం, చింతామణి, బాగేపల్లి తాలూకాల్లో మన్ను తోలడం మొదలవుతుంది. జేసీబీ దిగుతుంది, ట్రాక్టర్లు వరస కడతాయి, చెరువు మన్ను ఎర్ర నేలల్లోకి చేరుతుంది. పెద్దవాళ్ళు దీన్ని ఎరువు కింద లెక్కగట్టారు. అది సరైన లెక్కే. ఇసుక పాలు ఎక్కువున్న ఎర్ర నేలకు బంకమన్ను కలిస్తే తడి నిలుస్తుంది. రాగి, వేరుశనగ, మల్బరీ ఏదైనా రెండు వానల మధ్య తట్టుకుంటుంది. వాన నీళ్ళు తప్ప వేరే నీళ్ళు ఎరగని చెరువైతే ఇప్పటికీ నేను ఇంకో మాట చెప్పను, తోలుకోండి.

చాలా చెరువులకు ఇప్పుడు వచ్చే నీళ్ళు అవి కావు. బెంగళూరు మురుగునీటిని రెండో దశ వరకు శుద్ధి చేసి పైపుల్లో ఇటు పంపే పథకాలు రెండు ఉన్నాయి. కోరమంగల, చల్లఘట్ట లోయ నుంచి వచ్చేది కేసీ వ్యాలీ. రోజుకు 44 కోట్ల లీటర్ల పథకం అది, కోలారు జిల్లా చెరువులతో పాటు చింతామణి తాలూకాలో కొన్నిటికీ ఆ నీళ్ళే. హెబ్బాళ, నాగవార లోయది హెచ్ఎన్ వ్యాలీ. రోజుకు 21 కోట్ల లీటర్లు, 65 చెరువులు దాని లెక్క. చిక్కబళ్ళాపురం పక్కనున్న కందవార చెరువు అందులోదే. 2018 జూన్‌లో కేసీ వ్యాలీ నీళ్ళు మొదటగా కోలారు వైపు లక్ష్మీసాగర చెరువుకు చేరాయి. జులైలో నురగ తేలింది, నీళ్ళు ఆపారు. కేసు హైకోర్టుకు, అక్కణ్ణుంచి సుప్రీంకోర్టుకు వెళ్ళింది. చిక్కబళ్ళాపురానికి చెందిన ఆర్. ఆంజనేయరెడ్డి, శాశ్వత నీరావరి హోరాట సమితి మూడో దశ శుద్ధి కూడా చేసి పంపాలని పట్టుబట్టారు. ఆ కోరిక న్యాయమైనదనే నేను అనుకుంటాను. అలాగని వెయ్యి అడుగులు దాటి బోర్లు దించిన ఈ సీమ, వచ్చే నీళ్ళను వద్దనే స్థితిలోనూ లేదు.

ఈ వాదమంతా నీళ్ళ చుట్టూ తిరిగింది. సీసాలు పట్టుకెళ్ళి పరీక్షించేదీ నీళ్ళనే. నీళ్ళు ఈ వారం ఒకలా ఉంటాయి, వచ్చే వారం ఇంకోలా ఉంటాయి. మన్ను మాత్రం వచ్చినదాన్నల్లా పట్టి ఉంచుకుంటుంది. మీ చేతులు తగిలేది ఆ మన్నుకే, బండికెత్తేదీ, పొలంలో పరిచేదీ ఆ మన్నునే. అందుకని ఈ సలహా మన్నుతో పని ఉన్నవాళ్ళకు: తోలే రైతుకు, జేసీబీ, ట్రాక్టర్ నడిపేవాళ్ళకు, ఉద్యోగ ఖాత్రి పనిలో పూడిక ఎత్తే ఆడవాళ్ళకు, మగవాళ్ళకు, చేపలు పట్టేవాళ్ళకు, తూము చూసుకునే నీరుగంటికి. బెంగళూరు నీళ్ళు రాని చెరువైనా సరే, ఊరి మోరీ అందులో కలుస్తుంటే ఈ మాటలన్నీ దానికీ వర్తిస్తాయి.

ముందు పారతో ఒక పెళ్ళ తీయండి. నీళ్ళు ఇంకా కాస్త నిలిచిన అంచున, కాలు దిగబడే చోట, పారను నిలువుగా జానెడు లోతు దింపి, పెళ్ళ విరగకుండా పైకి తీసి పలక మీద పెట్టండి. పక్కనుంచి చూడండి. పైన గోధుమ రంగు పొర ఉంటుంది. మంచి చెరువులో అది వేలి మందం ఉండొచ్చు. మురుగు పడే చెరువులో గోరు మందం కూడా ఉండదు, కొన్ని చోట్ల అసలే కనబడదు. దాని కింద బూడిద రంగు, ఇంకా కింద నలుపు. నలుపును వేలితో రాస్తే జిడ్డుగా అంటుకుంటుంది, కుళ్ళిన గుడ్డు వాసన వేస్తుంది. ఆ పెళ్ళను నీడలో అలాగే వదిలేసి మధ్యాహ్నం కూడు తిని రండి. గాలి తగిలిన వైపు నలుపు గోధుమలోకి తిరగడం మొదలై ఉంటుంది.

ఆ రంగులు సూక్ష్మజీవుల పని. చెరువు అడుగున ఒక్క గ్రాము మన్నులో బ్యాక్టీరియా కోట్లలో ఉంటాయి. పైపొరలో ఉండేవి ప్రాణవాయువు పీలుస్తూ రాలిన ఆకును, చచ్చిన నాచును తింటాయి. ఆ వాయువు తడి మన్నులో కొన్ని మిల్లీమీటర్లకు మించి దిగదు. కింద బతికేవి అది లేకుండానే ఊపిరి తీసే దారి చూసుకున్నాయి. మొదట నైట్రేట్‌ను వాడుకుంటాయి, అది అయిపోతే మాంగనీసును, ఇనుమును, ఆ తర్వాత సల్ఫేట్‌ను. ఇవేవీ మిగలని లోతులో మీథేన్ పుట్టించేవి కాపురం పెడతాయి. గోధుమ రంగు తుప్పు పట్టిన ఇనుముది. సల్ఫేట్ మీద బతికేవి హైడ్రోజన్ సల్ఫైడ్ అనే గ్యాసు వదులుతాయి, గుడ్డు వాసన దానిదే. అది ఇనుముతో కలిసినప్పుడు వచ్చేది ఆ నలుపు. కర్రతో అడుగు పొడిస్తే బుడబుడా లేచేది ఎక్కువగా మీథేన్.

ఇంత చెప్పడానికి కారణం ఉంది. ఈ జీవులు మనకు కూలి అడగని పని చేస్తున్నాయి. నైట్రేట్‌ను వాడుకునేవి దాన్ని నత్రజనిగా మార్చి గాలిలోకి వదిలేస్తాయి. చెరువు నీళ్ళు ఇంకి మీ బోరులోకి చేరే దారిలో ఇదొక వడపోత. పైపొరలోని తుప్పు ఇనుము భాస్వరాన్ని పట్టి ఉంచుతుంది, నాచుకూ గుర్రపుడెక్కకూ దొరకనివ్వదు. గోధుమ పొర పలచబడితే ఈ రెండు పనులూ దెబ్బతింటాయి. అందుకే ఆ మందం కంటితో చూసి తెలుసుకోవడం నేర్చుకోమంటున్నాను. దానికి ల్యాబ్ అక్కర్లేదు, పార చాలు.

మురుగు ఎక్కువైతే ఏమవుతుంది? అడుగు జీవులన్నీ చచ్చిపోతాయని చాలామంది అనుకుంటారు. చావవు, ఎవరిది పైచేయి అన్నది మారుతుంది. మలం, సబ్బు, అన్నం గంజి అన్నీ వాటికి తిండే. తిండి ఎక్కువైనకొద్దీ పైనున్న ప్రాణవాయువు గంటల్లో ఖర్చయిపోతుంది, నలుపు పైకెక్కి వస్తుంది. అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియాకు గాలి కావాలి, లోహాలన్నా వాటికి పడదు, అవి ముందు తగ్గుతాయి. అమ్మోనియా అలాగే మిగిలి చేపను పట్టుకుంటుంది. ఇనుము పట్టు సడలి భాస్వరం నీళ్ళలోకి వస్తుంది, గుర్రపుడెక్క చెరువంతా కమ్ముతుంది. రేపు మోరీ మళ్ళించినా, అడుగు మన్ను ఏళ్ళ తరబడి ఆ భాస్వరాన్ని పైకి వదులుతూనే ఉంటుంది. మోరీ ఆపాక కూడా చెరువు బాగుపడలేదేమని అడిగేవాళ్ళకు జవాబు చాలాసార్లు ఇదే.

నురగ సంగతి కూడా అడుగుదే. బెంగళూరు బెళ్ళందూరు చెరువు నురగ మీద భారతీయ విజ్ఞాన సంస్థ వాళ్ళు ఏళ్ళపాటు పని చేశారు. బట్టల సబ్బుల్లోని నురగ పదార్థం అడుగున పేరుకున్న బురదకు అంటుకుని ఉంటుందనీ, పెద్ద వాన పడి నీళ్ళు వేగంగా వచ్చి ఆ బురదను కలియబెట్టినప్పుడు విడివడి నురగగా లేస్తుందనీ వాళ్ళు తేల్చారు. ఆ బురదలోని బ్యాక్టీరియా కూడా నురగ నిలవడానికి సాయం చేస్తుండొచ్చని వాళ్ళ అంచనా. ఇందులో మనకు పనికొచ్చే పాఠం, పూడిక తీసే యంత్రం కూడా ఆ వానలాగే అడుగును కలియబెడుతుంది. నీళ్ళు ఉండగా నల్ల బురదను కెలికితే అక్కడే నురగ, వాసన, చేపల చావు అన్నీ మొదలవ్వచ్చు. చెరువు ఆరాకే పని పెట్టుకోండి. కాంట్రాక్టరు తొందరపెడితే ఈ కారణం చెప్పండి.

లోహాలది ఇంకో కథ. మెరుగు పూతల పట్టడలు, బ్యాటరీలు, టైర్ల ధూళి, పైపుల తుప్పు, వీటన్నిటి నుంచీ జింకు, రాగి, సీసం, క్రోమియం, నికెల్, కాడ్మియం మురుగులోకి వస్తాయి. నీళ్ళలో తక్కువే కనబడతాయి, ఎందుకంటే అవి సన్న బంకమన్నుకూ కుళ్ళిన సేంద్రియానికీ అంటుకుని కిందకి దిగిపోతాయి. నల్ల మన్నులో ఆ సల్ఫైడ్ వాటిని గట్టిగా పట్టి ఉంచుతుంది. మన్ను అడుగునే ఉన్నంతకాలం పెద్ద ప్రమాదం లేదు. మీరు దాన్ని ఎత్తి ఎండలో పోసిన రోజు లెక్క మారుతుంది. గాలి తగలగానే గంధకాన్ని తినే బ్యాక్టీరియా లేస్తాయి, సల్ఫైడ్‌ను గంధకామ్లంగా మారుస్తాయి, పట్టి ఉంచిన లోహాలు వదులవుతాయి. పొలంలో ఆ పని జరిగితే వదిలినవన్నీ వేళ్ళ దగ్గరే ఉంటాయి.

దీన్ని ఇంట్లోనే పసిగట్టవచ్చు. పీహెచ్ కాగితాలు చవకగా దొరుకుతాయి. చెరువులోంచి తీసిన తడి మన్నును సమానంగా మంచినీళ్ళలో కలిపి, తేరుకున్నాక కాగితం ముంచి చూసి రాసి పెట్టుకోండి. అదే మన్నును ఒక పళ్ళెంలో పలచగా పరచి, మూడు నాలుగు వారాలు నీడలో ఉంచి, ఆరిపోకుండా అప్పుడప్పుడు నీళ్ళు చిలకరించి, మళ్ళీ చూడండి. మొదట 7 చూపించింది తర్వాత కూడా 7 దగ్గరే ఉంటే మన్నులో సల్ఫైడ్ తక్కువగానైనా, సున్నం పాలు సరిపోనైనా ఉన్నట్టు. 5 దరిదాపుల్లోకి పడిపోయిందంటే ఆ మన్నును ల్యాబ్ చూడకుండా పొలంలో వేయొద్దు. ఈ పద్ధతి సముద్రతీరాల్లో పులుపు తిరిగే నేలలను గుర్తించడానికి మట్టి శాస్త్రజ్ఞులు వాడేదే. మన చెరువు మన్నుకూ అదే రసాయనం.

రాగి గింజలతో ఇంకో పరీక్ష. రెండు తట్టలు తీసుకోండి. ఒకదాంట్లో మీ పొలం మన్ను, ఇంకోదాంట్లో సగం పొలం మన్ను, సగం ఆరిన చెరువు మన్ను. రెండిట్లోనూ యాభై యాభై రాగి గింజలు వేసి వారం తర్వాత మొలకలు లెక్కపెట్టండి, పీకి వేళ్ళు కొలవండి. చెరువు మన్ను తట్టలో మొలక తగ్గినా, వేరు పొట్టిగా ఉన్నా ఉప్పో, అమ్మోనియానో, మరొకటో ఉన్నట్టు. ఇంకో నెల ఆరబెట్టి మళ్ళీ చూడండి. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. రెండు తట్టల్లోనూ మొలక బాగా వచ్చిందంటే లోహాలు లేవని కాదు. కాడ్మియం ఉన్న మన్నులోనూ మొక్క పచ్చగానే పెరుగుతుంది, దాన్ని ఆకులోకీ గింజలోకీ ఎక్కించుకుంటుంది. దానికి ల్యాబ్ తప్ప దారి లేదు.

ల్యాబుకు ఇచ్చేటప్పుడు ఏం అడగాలో తెలిసి వెళ్ళండి. మామూలు మట్టి ఆరోగ్య కార్డులో నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, పీహెచ్, ఉప్పు, సేంద్రియ కర్బనం ఉంటాయి. కాడ్మియం, సీసం, క్రోమియం, నికెల్ ఉండవు. "మొత్తం లోహాలు చూడండి, ఈ నాలుగూ తప్పనిసరి" అని నోరు తెరిచి అడగాలి. చింతామణి దగ్గర కురుబూరులోని కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్తే ఎక్కడ చేయించాలో దారి చెబుతారు. ఖర్చు ఒక్క రైతుకు బరువే. ఒకే చెరువు మన్ను తోలే పదిమంది కలిసి వేసుకుంటే ఒక్కో ఇంటికి రెండు మూడు ట్రాలీల మన్ను కిరాయి కంటే ఎక్కువ కాకుండా చూసుకోవచ్చు.

కాగితం చేతికొచ్చాక దేనితో పోల్చాలి? చెరువు మన్నును పొలంలో వేయడానికంటూ వేరే కొలత వెతుక్కునే బదులు, మన ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పట్టణ చెత్త కంపోస్టుకు పెట్టిన హద్దులను ఆనవాలుగా పెట్టుకోండి. కిలోకు మిల్లీగ్రాముల్లో కాడ్మియం 5, క్రోమియం 50, నికెల్ 50, సీసం 100, రాగి 300, జింకు 1000. ఎరువు బస్తాల్లో వేస్తాం, చెరువు మన్ను ట్రాలీలకొద్దీ పరుస్తాం. అందుకని ఈ హద్దుకు దగ్గరగా వచ్చినా నేనైతే తిండి పంటలకు వేయను. ఒక మాట గుర్తుంచుకోండి, క్రోమియం, నికెల్ కొన్ని రాళ్ళ నేలల్లో సహజంగానే ఎక్కువుంటాయి. మీ పొలం మన్ను కూడా ఒక సంచి పంపితే పోల్చుకోవడానికి ఉంటుంది.

నమూనా ఎక్కడ తీస్తారన్నది ఫలితాన్ని మార్చేస్తుంది. నీళ్ళు వచ్చే కాలువ మూతి దగ్గర ఇసుక, ముతక సరుకు దిగుతుంది. సన్న బంక కట్ట వైపు, తూము దగ్గర చేరుతుంది, లోహాలు దానితోనే పోతాయి. కాబట్టి మూడు చోట్లా తీయండి: మూతి దగ్గర, నడుమ, తూము పక్కన. మూడూ కలిపేయకుండా వేరువేరు సంచుల్లో వేసి, ఎక్కడిదో, ఎంత లోతుదో, ఏ తేదీదో రాయండి. ఇనుప పారతో తీసినా సంచిలోకి వేసేటప్పుడు పారకు తగిలిన అంచు వదిలేసి నడుమ మన్ను ప్లాస్టిక్ గరిటెతో తీసుకోండి.

ఇక తోలాలనే నిశ్చయించుకుంటే, ఎత్తిన రోజే పొలంలో పరచొద్దు. చెరువు వెలుపల, ఇంకో నీటి కాలువలోకి జారని చోట కుప్ప పోసి, పదిరోజులకోసారి తిరగేస్తూ ఎండాకాలం అయ్యేదాకా ఉంచండి. గాలి తగిలేకొద్దీ నలుపు పోతుంది, వాసన పోతుంది, మురుగులోంచి వచ్చిన రోగపు బ్యాక్టీరియా చాలావరకు తగ్గుతాయి. ఏలికపాముల గుడ్లు మాత్రం మొండివి, నెలల తరబడి బతుకుతాయి. అందుకే కొత్తిమీర, ముల్లంగి, క్యారెట్ లాంటి పచ్చిగా తినేవాటికి, మన్నుకు తగిలి పెరిగేవాటికి మురుగు చెరువు మన్ను మొదటి ఏడాది వద్దు. మామిడి, సరుగుడు, పశుగ్రాసం కాని గట్టు చెట్లు నయం. మొదటిసారి ఎకరమంతా వేయకండి, నాలుగైదు గుంటల్లో వేసి ఒక పంట చూడండి. మల్బరీకి వేసినవాళ్ళు ఆ గుంటల మొదటి కోత ఆకును చాకీ పురుగులకు పెట్టొద్దు. పిల్ల పురుగు ఆకులోని చిన్న తేడాకే డీలా పడుతుందని శిడ్లఘట్ట చుట్టుపక్కల పట్టు రైతుకు నేను చెప్పనక్కర్లేదు.

జేసీబీ నడిపేవాళ్ళకూ, పని రాయించే పంచాయతీ వాళ్ళకూ ఒక మాట. శుద్ధి నీళ్ళు నింపే చెరువులో మొరం తేలేదాకా గీకొద్దు. పూడిక ఎక్కువుంటే నీళ్ళు ఇంకవు, తీయాల్సిందే. కానీ అడుగు పొర మొత్తం పోతే నైట్రేట్‌ను, క్రిములను పట్టే వడపోత పోయినట్టు. నీళ్ళు రాతి పగుళ్ళలోంచి నేరుగా బోర్లలోకి దిగుతాయి. పాత అడుగు మట్టం దగ్గర ఆపండి. అంతకంటే లోతుకు తవ్వితే ఎక్కువ ట్రాలీలు రావచ్చు, ఆ కిరాయి ఊరి మంచినీళ్ళ మీద పడుతుంది.

మన్ను ఎత్తేవాళ్ళ ఒంటి సంగతి. కుళ్ళిన గుడ్డు వాసన వచ్చేంతవరకు ఒక రకంగా మేలు, ముక్కు హెచ్చరిస్తోంది. ఆ గ్యాసు గాలిలో పది లక్షల వంతులకు నూరు వంతులు దాటితే వాసన తెలిసే శక్తే మొద్దుబారుతుంది. వాసన పోయింది కదా అని ముందుకు నడిచినవాళ్ళు కూలిపోతారు. అది గాలి కంటే బరువు, గుంటల్లో నిలుస్తుంది. కాబట్టి తూము బావిలోకి, మూత ఉన్న గుంటలోకి, కొత్తగా తవ్విన లోతు గోతిలోకి ఒంటరిగా దిగొద్దు. లోపల ఎవరైనా పడిపోతే వెనకాలే దూకొద్దు, ఒకరి వెనక ఒకరు ఇద్దరు ముగ్గురు పోయేది అలాగే. పైనుంచి తాడుతో లాగండి, ఫైర్ సర్వీసుకు 112 ద్వారా చెప్పండి. బహిరంగ చెరువులో అంత గ్యాసు నిలవదు, అయినా గాలి వీపు మీద నుంచి వీచేలా నిలబడి పని చేయండి.

చేతికీ కాలికీ పుండు ఉన్నరోజు ఆ బురదలో దిగొద్దు. మోకాళ్ళ దాకా వచ్చే గంబూట్లు, రబ్బరు గ్లోవులు పని ఇచ్చేవాడే ఇవ్వాలి, అడగడానికి మొహమాటపడొద్దు. తిండికి ముందు సబ్బుతో చేతులు కడుక్కోవడానికి వేరే నీళ్ళ క్యాను పని చోటికే తెప్పించుకోండి, చెరువు నీళ్ళతో కడిగితే కడిగినట్టు కాదు. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోతే వేయించుకోండి. పని చేసిన రెండు మూడు వారాల్లో జ్వరం, పిక్కల నొప్పి, కళ్ళు ఎర్రబడటం, పచ్చబడటం కనిపిస్తే, డాక్టరుకు జ్వరం మాత్రమే చెప్పి ఊరుకోవద్దు, "మురుగు చెరువులో మన్ను ఎత్తాను" అని కూడా చెప్పండి. ఎలుక మూత్రం నుంచి వచ్చే లెప్టోస్పైరా జ్వరం డాక్టరుకు ఆ ఒక్క మాటతోనే గుర్తొస్తుంది.

పుండు మానకపోతే మెడికల్ షాపులో చేతికందిన యాంటీబయాటిక్ రెండు రోజులు మింగి ఆపేసే అలవాటు చాలామందికి ఉంది. మురుగు మన్నుతో పని చేసేవాళ్ళకు అది మరీ ప్రమాదం. ఎందుకో తెలియాలంటే హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు వైపు చూడాలి. మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే అక్కడి కేంద్రం బయటికి వదిలే నీళ్ళలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని స్వీడన్ పరిశోధకుడు యోకిమ్ లార్సన్ బృందం 2007లో రాసింది. ఆ నీళ్ళు కలిసే వాగుల అడుగు మన్నును వాళ్ళు 2011లో పరీక్షించారు. అక్కడి బ్యాక్టీరియాలో మందుకు లొంగని జన్యువులతో పాటు, వాటిని ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి చేరవేసే డీఎన్ఏ ముక్కలూ విపరీతంగా ఉన్నాయి. 2014లో అదే ప్రాంతంలోని కాజీపల్లి చెరువును స్వీడన్‌లోని ఒక చెరువుతో పోల్చితే, ఇక్కడ అలాంటి జన్యువులు సుమారు 7000 రెట్లు ఎక్కువగా తేలాయి.

కందవార మన్ను కాజీపల్లి మన్ను అని నేను అనడం లేదు. ఇళ్ళ మురుగులో యాంటీబయాటిక్ పాలు ఫ్యాక్టరీ నీళ్ళతో పోల్చేంత ఉండదు. కానీ కోటి మంది దాటిన నగరం వాడే మందులు, ఆ మందులకు లొంగని పేగు బ్యాక్టీరియా రెండూ మురుగులోనే వస్తాయి, రెండో దశ శుద్ధి వాటిని పూర్తిగా తీసేయదు. లోహాలు కూడా మందుకు లొంగని ఈ గుణాన్ని పెంచుతాయి, ఎందుకంటే లోహాన్ని తట్టుకునే జన్యువు, మందును తట్టుకునే జన్యువు తరచు ఒకే డీఎన్ఏ ముక్క మీద కలిసి ఉంటాయి. అందుకే పుండు చీము పట్టి ఎంతకీ తగ్గకపోతే ప్రభుత్వాసుపత్రిలో చీము కల్చర్ పరీక్షకు పంపమని అడగండి. ఏ మందుకు లొంగుతుందో తెలుస్తుంది. పశువుల మందు మిగులును, కోళ్ళ ఫారం లిట్టరును చెరువు గట్టున పారబోయడం మానేయండి, అది మన చేతిలో ఉన్న భాగం.

చేపల వాళ్ళకు ఎక్కువ చెప్పనక్కర్లేదు, నీళ్ళ రంగు చూసి సగం వాళ్ళకే తెలుస్తుంది. మబ్బు పట్టిన రెండు మూడు రోజుల తర్వాత తెల్లవారుజామున కట్ల, రోహు పైకొచ్చి నోరు తెరుస్తుంటే అడుగు జీవులు ప్రాణవాయువు మొత్తం లాగేసినట్టు. ఆ రోజు వల అడుగు తగిలేలా లాగొద్దు, నల్ల బురద లేస్తే మిగిలిన చేప కూడా పోతుంది. మేత ఆపండి, నీళ్ళు చిమ్మే మోటారు ఉంటే పెట్టండి. చేప పిల్లలను వదిలే ముందు పార పెళ్ళ పరీక్ష చేసుకుంటే, గోధుమ పొర లేని చెరువుకు పాట పెట్టి నష్టపోయే బాధ తప్పుతుంది. చచ్చి తేలిన చేపను అమ్మొద్దు, గట్టున పూడ్చండి.

బీఎస్సీ చదివి ఇంట్లో కూర్చున్న పిల్లలకు కూడా ఇందులో పని ఉంది. చింతామణిలో పట్టు పరిశ్రమ కళాశాల ఉంది, చిక్కబళ్ళాపురంలో, బాగేపల్లిలో డిగ్రీ కాలేజీలు ఉన్నాయి. అక్కణ్ణుంచి వచ్చే మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ పిల్లలు పర్యావరణ ల్యాబుల్లో, శుద్ధి కేంద్రాల్లో ఉద్యోగాలకు వెళ్తున్నారు. ఇంటర్వ్యూలో పుస్తకం పాఠం అందరూ చెబుతారు. నమూనా తీయడం వచ్చినవాళ్ళు తక్కువ. మన్నును పొరల వారీగా విడదీయడం, ప్రతి పొరకూ గరిటె కడగడం, బ్యాక్టీరియా డీఎన్ఏ కోసమైతే వెంటనే ఐసులో పెట్టడం, పీహెచ్ అక్కడికక్కడే చూడడం, ఒకే చెరువును వానలకు ముందు, తర్వాత, ఎండల్లో మళ్ళీ చూడడం, ఇవన్నీ మీ ఊరి చెరువులోనే నేర్చుకోవచ్చు. ఒక ఏడాది నోటుబుక్కు పట్టుకెళ్ళి చూపించండి. ఉద్యోగం ఇచ్చేవాడికి మార్కుల కాగితం కంటే అది ఎక్కువ చెబుతుంది. కన్నడం, తెలుగు రెండూ వచ్చిన మీకు రైతుతో మాట్లాడే పనిలో బయటివాళ్ళ కంటే పైచేయి ఉంటుంది.

బాగేపల్లి వాళ్ళు మన్ను విషయంలో జాగ్రత్తపడటానికి ఇంకో కారణం కూడా ఉంది. చిత్రావతి నది పరగోడు ఆనకట్ట దాటి ఆంధ్రలోకి వెళ్ళి పుట్టపర్తి మీదుగా పెన్నలో కలుస్తుంది. వరదకు ఇక్కడి అడుగు బురద అక్కడి చెరువుల్లోకి చేరుతుంది. తోలిన మన్నును వాగు ఒడ్డున కుప్ప పోయడం అందుకే తప్పు.

చివరిగా కాగితాల పని. మీ చెరువులో పూడిక తీత మొదలయ్యే ముందు గ్రామ పంచాయతీలో, చిన్న నీటిపారుదల శాఖలో రెండు ప్రశ్నలు రాతపూర్వకంగా వేయండి. ఈ చెరువుకు ఏ నీళ్ళు, ఎప్పటినుంచి వస్తున్నాయి? అడుగు మన్నులో లోహాలకు పరీక్ష చేశారా, చేస్తే ఆ నివేదిక ఏది? దానికి జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల పోస్టల్ ఆర్డర్ పెట్టి అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. నీటి పరీక్ష నకలు ఇచ్చి ఊరుకుంటారేమో చూసుకోండి. మీరు అడిగింది మన్ను పరీక్ష. అది చేయలేదని రాసిస్తే ఆ కాగితం భద్రంగా పెట్టుకుని, పని మొదలయ్యేలోపు పరీక్ష చేయించాలని గ్రామసభలో తీర్మానం రాయించండి.